కొరియన్‌లో ‘ఎప్పుడూ’ అనబోయి ఎక్కడ తప్పుతున్నాం?

హంగ్‌సంగ్ అంటే ఎప్పుడూ, చాజు అంటే తరచుగా, కక్కుమ్ అంటే అప్పుడప్పుడు. ఇవన్నీ నోటికొచ్చినా మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లు అయోమయంగా చూస్తుంటే, చూడాల్సినవి ఇవి.

సమస్య: కాఫీ అస్సలు తాగనని చెబితే అర్థం కావట్లేదు

నేనూ చాలాకాలం "హంగ్‌సంగ్ కొఫి అన్ మస్యొయొ" అనేవాణ్ణి (మస్యొయొ అంటే తాగుతా, ముందు అన్ చేరిస్తే తాగను). కారణం మన తెలుగే. "ఎప్పుడూ తాగుతా", "ఎప్పుడూ తాగను" అని ఒకే మాటని రెండు పక్కలా వాడేస్తాం, క్రియ మారితే చాలు, కానీ కొరియన్‌లో తాగనని చెప్పాలంటే ముందున్న ఆ మాట కూడా మారాలి.

అందుకే వాక్యం మొదలుపెట్టే ముందే చివర్లో అవునా కాదా తేల్చుకోండి. కాదు అయితే హంగ్‌సంగ్ వదిలేసి చొన్‌హ్యొ పట్టుకోండి: "కొఫి చొన్‌హ్యొ అన్ మస్యొయొ". ఇది అచ్చం మన ‘అస్సలు’. ఇంతవరకు ఎప్పుడూ వెళ్లలేదనాలంటే "హన్ బొన్‌దొ అన్ గ బ్వస్సొయొ". హన్ అంటే ఒక, బొన్ అంటే సారి, దొ అంటే కూడా, అంటే ముక్కకి ముక్క మన ‘ఒక్కసారి కూడా’నే! ఇది గమనించిన రోజు నాకు భలే సంతోషమేసింది.

సమస్య: అరుదుగా తింటానంటే వాక్యం అతకట్లేదు

‘అరుదుగా’ అని చదువుకుని "కొఇ మొగొయొ" అనేస్తాం. కొఇకి అసలు అర్థం దాదాపు. దగ్గరికి వచ్చేశామనడానికి "కొఇ త వస్సొయొ" అంటారు. వెనక అన్ చేరితేనే అరుదుగా అవుతుంది: "కొఇ అన్ మొగొయొ", అంటే దాదాపు తిననట్టే. అంతగా అనే ప్యొల్లొ కూడా ఇంతే: "ప్యొల్లొ అన్ మొగొయొ". ఈ రెండిటినీ విడిగా కాకుండా అన్‌తో కలిపే నేర్చుకోండి.

సమస్య: వారానికి రెండుసార్లంటే నంబరు అనుకుంటున్నారు

కొరియన్‌లో అంకెలు రెండు రకాలు. "ఇ బొన్" అంటే రెండో నంబరు, సియోల్ సబ్‌వేలో రెండో నంబరు గేటు "ఇ బొన్ చుల్గు". సార్లు లెక్కపెట్టాలంటే హన్, తు, సె, నె వాడాలి: "ఇల్చుఇరె తు బొన్".

సమస్య: మాట పుస్తకం చదివినట్టుంది

స్నేహితుల దగ్గర హంగ్‌సంగ్ బదులు మెన్నల్ అనండి, 2011లో దీన్ని ప్రామాణిక పదంగా కూడా ఒప్పుకున్నారు. "మెన్నల్ నుజొ" అంటే ‘ఎప్పుడు చూడూ లేటే’ అని, కాస్త విసుగు ధ్వనిస్తుంది. కాబట్టి పై అధికారుల ముందు హంగ్‌సంగే వాడండి.