చంటిబిడ్డ ఇంటికొచ్చేలోగా సర్దుకోవలసినవి

కొనాల్సినవి కొంచెమే, ఇంట్లోంచి తీసేయాల్సినవే ఎక్కువ. పాత పంచెలు, మెత్తబడిన నూలు చీరలు చించి పాతిక లంగోట్లు చేసుకోండి. మొదటి వారంలో రోజుకు పదిపన్నెండు తడుస్తాయి, ముసురు పట్టిందంటే ఆరవు. ముందు తెరుచుకునే జుబ్బాలు ఆరు, మెత్తటి తువ్వాళ్లు నాలుగు, పలచటి రబ్బరు షీటు, దోమతెర, డిజిటల్ థర్మామీటరు చాలు. కొత్త గుడ్డలకు గంజి ఉంటుంది, రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. ఆవాల దిండు అక్కర్లేదు. బిడ్డను చదునైన పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, తల చుట్టూ దిండ్లు పేర్చకూడదు.

బాలింత గదిలో నిప్పుల కుంపటి, సాంబ్రాణి పొగ, దోమల చుట్ట ఏవీ వద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, తల్లికీ బిడ్డకీ ప్రమాదమే.

గుంటూరు, బెజవాడ ఎండల్లో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. మే నెలలో కూడా బిడ్డకు చలేస్తుందని టోపీ, మేజోళ్లు, రెండు తువ్వాళ్లు చుట్టేస్తారు. ఒళ్లు కాలిపోతుంది, జ్వరమని హడావిడి పడతారు. పొట్టనూ పాదాలనూ చేత్తో తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే చలి మొదలైనట్టు, తల్లి గుండెకు హత్తించి పైన గుడ్డ కప్పండి. రెండూ చల్లబడితే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఒళ్లు కాలుతుంటే ఒక పొర తీసి, అరగంట ఆగి చంకలో థర్మామీటరు పెట్టండి. అప్పుడూ 37.5 డిగ్రీల సెల్సియస్ దాటితే డాక్టరుకు చూపించండి, ఇంట్లో ఉన్న జ్వరం మందు వేయొద్దు. ఏసీ వేసుకోవచ్చు, 26 నుంచి 28 మధ్య పెట్టి గాలి నేరుగా బిడ్డ మీదికి రాకుండా చూసుకోండి.

డిశ్చార్జి కాగితాలు ముందు రోజు సాయంత్రమే అడగడం మొదలుపెట్టండి. బెజవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా బిల్లు, బీమా అనుమతి తేలేసరికి మిట్టమధ్యాహ్నమవుతుంది. వర్జ్యం చూసుకునేవాళ్లు చూసుకోండి గానీ, ఆ ముహూర్తం ఒంటిగంట ఎండలో పడితే మర్నాడు ఉదయం బయల్దేరడం మేలు. పుట్టినప్పటి బరువు, ఇప్పటి బరువు కాగితంలో ఉన్నాయో లేదో చూడండి. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా, విటమిన్ కె ఇంజెక్షన్ వేసినట్టు తల్లీబిడ్డల కార్డులో రాయించుకోండి. థైరాయిడ్ పరీక్ష, వినికిడి పరీక్ష చేశారా అని అడగండి. తల్లిది నెగటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే తల్లికి కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ డి ఇంజెక్షన్ పడాలి.

పుట్టిన వివరాల ఫారం మాత్రం తొందరలో సంతకం పెట్టేది కాదు. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా పడిందంటే తర్వాత తిరగాల్సింది మీరే. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడి, పాస్‌పోర్టు వగైరాలకు పుట్టిన తేదీ రుజువు ఈ ఫారంతో వచ్చే జనన సర్టిఫికెట్టే. బిడ్డ పేరు ఖాళీగా వదలొచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఉచితంగా ఇంటి దగ్గర దింపుతుంది, వార్డులో ముందే చెప్పి ఉంచండి. సొంత కారయితే వెనక సీటులో, వెనక్కి తిరిగి ఉండే శిశు సీటు పెట్టించండి. ముందు సీటులో ఒళ్లో పట్టుకుని కూర్చోవడం అన్నిటికన్నా ప్రమాదం, ఎయిర్‌బ్యాగ్ బిడ్డ మీదే తెరుచుకుంటుంది. ఆటో అయితే తల్లి మధ్యలో కూర్చోవాలి, బిడ్డ మొహం మీద గుడ్డ కప్పకూడదు.

ఇంటికొచ్చాక తల్లిపాలే, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. అయిదో రోజుకల్లా కనీసం ఆరుసార్లు ఒంటికి పోసుకుంటే పాలు సరిపోతున్నట్టే. తేనె, చక్కెర నీళ్లు, వస, ఆముదం నాలుకకు కూడా తగలనివ్వొద్దు. తేనెలో ఉండే సూక్ష్మజీవి ఏడాదిలోపు పిల్లల కండరాలను చచ్చుబడేలా చేయగలదు. ఆముదం గొంతుకు అడ్డంపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ మాట అమ్మమ్మకు మీరు చెబితే వినకపోవచ్చు, డిశ్చార్జి రోజున డాక్టరు చేతే ఆవిడ ఎదుట చెప్పించండి. బొడ్డుకు పసుపు, నూనె, పౌడరు ఏదీ పెట్టకండి, లంగోటీ దాని కిందికి మడవండి. బొడ్డు ఊడేదాకా ఒళ్లు తడిగుడ్డతో తుడిస్తే చాలు, నలుగు తర్వాత చూసుకోవచ్చు.

రోజూ పొద్దున కిటికీ వెలుగులో, బట్టలు విప్పి పసిరిక (కామెర్లు) ఉందేమో చూడండి. ఉంటే, బిడ్డ రొమ్ము మీద వేలితో నొక్కి తీసినప్పుడు పసుపు కనిపిస్తుంది. అరచేతులు, అరికాళ్ల దాకా పాకితే ఆరోజే తీసుకెళ్లండి. ఎండలో పెట్టడం దానికి వైద్యం కాదు. పాలు తాగకపోయినా, నిమిషానికి అరవైకి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి రావాలి, ఆమె నంబరు తీసుకుని పెట్టుకోండి. మొదట్లో కాస్త బరువు తగ్గడం మామూలే, రెండు వారాలకు పుట్టిన బరువుకు రాకపోతే చూపించాలి. ఆరు వారాలకు తర్వాతి టీకాలు, కార్డు వెంట తీసుకెళ్లండి.