కెనూ పట్టీలు కోసే ముందు

మన సిరోంచలో టేకుకి కొదవ లేదు గానీ, కెనూకి, అంటే సన్నటి చెక్క పట్టీలు అతికించి కట్టే తెడ్డు పడవకి, అది బరువు. ప్రాణహితలో తేలిగ్గా నడవాలని సీడర్ చెక్క బయటి నుంచి తెప్పించుకుంటే, ఒక్క పట్టీ కూడా వృథా కాకూడదు. రంపం ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి.

• పట్టీ మందం 6 మి.మీ., వెడల్పు 19 మి.మీ. బ్లేడు సన్నది వేయండి. 3 మి.మీ. కోత పడే బ్లేడైతే ప్రతి రెండు పట్టీలకీ ఒక పట్టీ అంత చెక్క పొట్టుగా పోతుంది.

• పట్టీలు కోసే పలకలో మేకులు, ముడులు ఉన్నాయేమో చూడండి.

• పలక 17, 18 అడుగులుంటుంది. అవతల స్టాండు పెట్టండి, లేదా ఓ మనిషిని నిలబెట్టండి. ఆ మనిషి మోయాలంతే, లాగకూడదు. లాగితే మందం మారిపోతుంది. ఎన్నిసార్లు చెప్పినా మా తమ్ముడు లాగేవాడు.

• మెడలో తువ్వాలు తీసేయండి. గ్లౌజులూ వద్దు, బ్లేడు చేతితో సహా లాగేసుకుంటుంది. చివరి జానెడు చెక్కని కర్రతోనే నెట్టాలి.

• బ్లేడుకి తిన్నగా నిలబడకండి. వెనక్కి తన్నిన పట్టీ బాణమే.

• సీడర్ పొట్టుతో కొందరికి ఆస్తమా వస్తుంది. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి.

• కరెంటు పోగానే స్విచ్ ఆపేయండి. మన దగ్గర అదెప్పుడు తిరిగొస్తుందో ఎవరు చెప్పగలరు?