ప్రభువు బల్లకు సిద్ధపడటం – 3వ పాఠం: “తన్ను తాను పరీక్షించుకొనవలెను”

ప్రభువు బల్ల అంటే యేసును జ్ఞాపకం చేసుకుంటూ సంఘమంతా కలిసి రొట్టె తిని, పాత్రలోని ద్రాక్షరసం తాగడం. గత రెండు పాఠాల్లో యూదుల పస్కా పండుగ భోజనం గురించి, “నన్ను జ్ఞాపకము చేసికొనుటకై” అన్న మాట గురించి చూశాం. నోట్సు రాసుకున్నవాళ్లు ఆ పేజీలు ఒకసారి తిరగేసి రండి. ఈ వారం పాఠం కాస్త బరువైనది. ఎందుకంటే చాలామందిని బల్ల దగ్గరికి రానివ్వకుండా ఆపేసే వచనం ఇందులోనే ఉంది.

ముందు నా సంగతి చెప్తాను. బాప్తిస్మం తీసుకున్న కొన్నేళ్లకు ఒక ప్రసంగంలో 1 కొరింథీయులకు 11:29 విన్నాను, అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలోది. “తనకు శిక్షావిధి కలుగుటకే తిని త్రాగుచున్నాడు” అన్న మాట చెవిలో అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత దాదాపు ఏడాదిన్నర నేను బల్లలో చెయ్యి వెయ్యలేదు. రొట్టె పళ్లెం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ నా దాకా వచ్చేది, అంచు పట్టుకునేదాన్ని, విరిచిన ముక్కలు కళ్ల ముందే ఉండేవి, కళ్లు దించుకుని పక్కావిడకు అందించేసేదాన్ని. ఈ వారం ఇంట్లోవాళ్ల మీద అరిచాను, ప్రార్థన సరిగా చెయ్యలేదు, నేను యోగ్యురాలిని కాను అనుకోవడం, ఆ టెన్షన్‌తోనే ఇంటికి వెళ్లిపోవడం. విచారం ఏమిటంటే, ఇంత భయపెట్టిన ఆ ఒక్క వచనాన్ని దాని ముందూ వెనకా ఉన్న వచనాలతో కలిపి నేను ఒక్కసారి కూడా చదవలేదు. కాబట్టి ఈ పాఠంలో మొదట చేసేది చదవడమే.

బైబిల్లో 1 కొరింథీయులకు 11:17 నుంచి 34 వరకు తీయండి. పైకే చదవండి, తొందరేం లేదు. “కూడి” అన్న మాట ఎక్కడెక్కడ వస్తుందో పెన్సిల్‌తో గీత పెట్టండి. 17, 18, 20, 33, 34 వచనాలు, ఐదు చోట్ల. పౌలు ఈ భాగం మొదలుపెట్టిందీ ముగించిందీ మనుషులు కూడి రావడం గురించే. మనమేమో మధ్యలో, 28వ వచనంలో ఉన్న పరీక్షను బయటికి తీసి, ఒంటరిగా గదిలో కూర్చుని చేసుకునే పాపాల లెక్కగా మార్చేసుకున్నాం.

ఆ కూడికలో ఏం జరిగిందో చూడండి. ఈ ఉత్తరం క్రీ.శ. 53–55 ప్రాంతంలో పౌలు ఎఫెసు నుంచి రాసింది. ప్రభువు బల్ల గురించి ఇప్పుడు మన చేతికి దొరికే వాటిలో అతి పాత రాత ఇదేననీ, సువార్తలు దీని తర్వాతే రాశారనీ ఎక్కువమంది పండితులు అంటారు. అప్పట్లో గుడి కట్టడాలు లేవు, విశ్వాసులు ఇళ్లల్లో కలిసేవారు. రొట్టె, పాత్ర నిజమైన భోజనంతో పాటే ఉండేవి. ఆ భోజనంలో ఒకడు ఆకలితో ఉన్నాడు, మరొకడు మత్తుగా ఉన్నాడు అంటాడు 21వ వచనంలో. ఉన్నవాళ్లు ఎవరి భోజనం వాళ్లు ముందే కానిచ్చేస్తున్నారు. పనివాళ్లు, దాసులు పొద్దుపోయాక వచ్చేవాళ్లు కావచ్చు, వాళ్లకు మిగిలింది ఖాళీ పాత్రలు. “పేదలను సిగ్గుపరచుదురా?” అని పౌలు గట్టిగా అడిగింది దీని గురించే. 29వ వచనంలోని శిక్ష మాట ఈ ఇంట్లో, ఈ భోజనం దగ్గర కూర్చున్నవాళ్లతో అన్నది.

ఇప్పుడు 27వ వచనం. ఇక్కడ ఒక్క అక్షరం దగ్గర ఆగాలి. “అయోగ్యముగా” తినేవాడు అని ఉంది గానీ “అయోగ్యుడు” తింటే అని లేదు. గ్రీకులో కూడా ఆ మాట తినే తీరును చెప్పేదే, తినే మనిషి స్థాయిని చెప్పేది కాదు. నేను యోగ్యురాలినా అన్నది నా ప్రశ్న. పౌలు ప్రశ్న వేరు: నువ్వు ఎలా తింటున్నావు, పక్కన ఆకలితో ఉన్నవాణ్ణి చూసి కూడా చూడనట్టు తింటున్నావా? నా ప్రశ్నకైతే జవాబు ఎప్పుడూ “కాను” అనే. ఏ విశ్వాసికైనా అంతే. యోగ్యత ఉంటేనే రమ్మంటే, యేసు శిష్యులకు రొట్టె విరిచి ఇచ్చిన ఆ మొదటి రాత్రి ఆ బల్ల దగ్గర ఎవరు మిగిలేవారు? లూకా 22 చూడండి, రొట్టె విరిచిన కాసేపటికే శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదన పెట్టుకున్నారు. కోడి కూయకముందు మూడుసార్లు “ఆయన్ని ఎరుగను” అనబోయే పేతురు కూడా అక్కడే ఉన్నాడు. అన్నీ తెలిసే యేసు వాళ్ల చేతికి పాత్ర ఇచ్చాడు.

28వ వచనం చివరిదాకా చదవండి, దయచేసి. పరీక్షించుకోవాలి, “ఆలాగుచేసి ఆ రొట్టెను తిని” అని ఉంది. పరీక్ష రొట్టె దగ్గరికి తీసుకెళ్లాలి. నా పరీక్ష ఏడాదిన్నర పాటు నన్ను దూరంగానే కూర్చోబెట్టిందంటే నేను చేసింది పౌలు చెప్పిన పరీక్ష కాదన్నమాట. పాపాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పడం లేదు. పట్టుకుని వదలని పాపం ఉంటే ఒప్పుకుని వదలాల్సిందే. ఎవరు బల్లలో పాలుపొందవచ్చో మీ సంఘానికి ఓ క్రమం ఉంటుంది, దాని గురించి మీ కాపరితో మాట్లాడండి.

ఇక 29వ వచనంలోని “శరీరమని వివేచింపక” అన్న మాట, అంటే శరీరమని గుర్తించకుండా. రొట్టెలో క్రీస్తు ఎలా ఉంటాడన్న దాని మీద సంఘ చరిత్రలో పెద్ద వాదాలే నడిచాయి. 1529లో జర్మనీలోని మార్‌బుర్గ్‌లో సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఈ ఒక్క విషయం దగ్గరే ఒప్పందానికి రాలేకపోయారు. ఆ చర్చను 5వ పాఠానికి ఉంచుదాం. ఇప్పటికి ఒక పేజీ వెనక్కి వెళ్లి 10:17 చదవండి: “రొట్టె యొక్కటే గనుక, అనేకులమైన మనము ఒక్క శరీరమై యున్నాము.” రొట్టెలో క్రీస్తు శరీరాన్ని గుర్తించడం, పక్కన కూర్చున్నవాళ్లలో ఆ శరీరాన్ని గుర్తించడం, ఈ రెండూ విడదీయరానివని నా నమ్మకం. పౌలు కూడా చివరికి ఇచ్చిన ఆజ్ఞ “ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి” అనే. ఎంత చక్కని తెలుగు మాటో చూడండి, ఎదురుచూడటం, గమనించుకుంటూ ఉండటం రెండూ అందులో ఉన్నాయి.

సరే, సాధన. బల్ల ఉన్న ఆదివారానికి ముందు రాత్రి ఒక చీటీ తీసుకోండి. పాపాల జాబితా మొదలుపెట్టకండి, ముందు ఒక పేరు రాయండి. రేపు ఆ కూడికలో ఎవరు ఎదురైతే మీ చూపు పక్కకు తిరుగుతుందో ఆ పేరు. దాని పక్కన ఒకే ఒక్క వాక్యం, వాళ్లు మీకు చేసింది కాదు, మీరు చేసింది. ఇది అనుకున్నంత సులువు కాదు, నా మొదటి చీటీలో నేను రాసినవన్నీ అవతలి మనిషి తప్పులే, కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఈ రాత్రికే చెయ్యగలిగింది ఏదైనా ఉందా చూడండి, ఒక ఫోన్, ఒక మెసేజ్, తిరిగి ఇవ్వాల్సిన డబ్బు. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5:23–24లో యేసు చెప్పింది ఇలాంటి పనే. తొలినాటి సంఘాల క్రమాన్ని చెప్పే దిదాకే అనే చిన్న పుస్తకంలో కూడా, గొడవపడినవాళ్లు సమాధానపడేదాకా కూడికలో కలవకూడదని ఉంది.

నా చీటీలో పేరు మా సంఘంలోని ఒక అక్కది. పిల్లల క్లాసుల విషయంలో ఆవిణ్ణి అందరి ముందూ ఒక మాట అన్నాను, రెండేళ్లు మాటల్లేవు. ఆ శనివారం రాత్రి ఫోన్ చేసి, “అక్కా, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది, తప్పు నాదే” అన్నాను. అవతల నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత “భోంచేశావా?” అని అడిగింది. మర్నాడు పళ్లెం వచ్చినప్పుడు నేను చెయ్యి చాపాను.

అందరి విషయంలో ఇలా కాకపోవచ్చు. అవతలివాళ్లు చనిపోయి ఉండొచ్చు, ఫోన్ ఎత్తకపోవచ్చు. మిమ్మల్ని కొట్టిన, హింసించిన మనిషైతే వాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లమని ఈ పాఠం అడగడం లేదు. రోమీయులకు 12:18లో “శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు” అన్న మాట ఉంది, అది మీకోసమే అనుకోండి. అలాంటప్పుడు పేరు ప్రభువు ముందు పెట్టి, ఆ రాత్రికి అక్కడితో ఆపి పడుకోండి.

వచ్చే పాఠం పాత్ర గురించి, “క్రొత్త నిబంధన” అన్న మాట గురించి. దానికి యిర్మీయా 31:31–34 రెండుసార్లు చదివి రండి. చీటీ మాత్రం చింపెయ్యకండి, దాంతో ఇంకా పని ఉంది.