గండికోట, నల్లమల వైపు ఇద్దరే వ్యాన్‌లో వెళ్తుంటే: ముందు జాగ్రత్తలు

కడప నుంచి జమ్మలమడుగు, గండికోట, బెలుం గుహలు, అహోబిలం, ఆపైన నల్లమల దాటి శ్రీశైలం. వెనక పరుపు, పొయ్యి ఉన్న వ్యాన్‌లో మొగుడూ పెళ్లాం తిరగడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు. బండి తీసేముందు ఇవి చూసుకోండి.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూపించండి. వేడెక్కాక కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. స్టెప్నీ కూడా.

బ్రేకుల దగ్గర మాత్రం రాజీ వద్దు. నిరుడు శ్రీశైలం ఘాట్ దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచాను. సగం దిగేసరికి కాలిన వాసన, పెడల్ మెత్తగా లోపలికి పోతోంది. మా ఆవిడ చెయ్యి నా భుజం మీద బిగుసుకుపోయింది. పక్కకు ఆపి అరగంట చల్లారనిచ్చాం. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి.

దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. వెలుతురుండగానే అడవి దాటండి.

గ్యాస్ సిలిండర్ నిలబెట్టి తాడుతో కట్టండి. కదిలేముందు రెగ్యులేటర్ ఆపేయండి. కిటికీలు మూసి లోపల వంట చేయొద్దు.

డీజిల్, నీళ్లు జమ్మలమడుగులోనే నింపుకోండి.

గండికోటలో పెన్నా లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు. బండి దూరంగా ఆపి నడవండి, చీకటి పడ్డాక అటు పోవద్దు.

మార్చి దాటితే ఈ ప్రయాణం వద్దనే అంటాను. రేకు బండిలో మధ్యాహ్నం కూర్చోలేరు. డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి, దుప్పట్లు రెండు ఎక్కువే పెట్టుకోండి.