చెన్నైలో చేప కొనేటప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం ఎలా?

భీమవరం చెరువులో పెరిగిన రొయ్య ఐరోపాకు ఓడ ఎక్కాలంటే ఏ చెరువుదో, చెరువులో పట్టే ముందు చేసిన మందుల పరీక్షలో ఏం తేలిందో కాగితం మీద ఉండాలి. సముద్రంలో పట్టిన చేపకైతే ఏ బోటు ఎక్కడ పట్టిందో చెప్పే ధ్రువపత్రం కావాలని ఐరోపా 2010 నుంచి అడుగుతోంది. అవే చేపలు, అవే రొయ్యలు చెన్నైలో మన సంచిలో పడేటప్పుడు చిన్న చీటీ కూడా వెంట రాదు. తినేది మన పిల్లలే అయినప్పుడు ఆ వివరం మనకెందుకు అక్కర్లేదు? కాగితం లేదు కాబట్టి నోటితో అడగాలి. ఏం అడగాలో, జవాబును ఎలా సరిచూసుకోవాలో ఇక్కడ చెబుతాను.

1. ముందు పేరు తేల్చుకోండి

మన పండుగప్ప ఇక్కడ కొడువా. కొరమీను విరాల్, చందువా వవ్వాల్, నెత్తళ్లు నెత్తిలి. రెండు పేర్లూ తెలిస్తే ఒక చేప చూపించి ఇంకోటి అంటగట్టడం కష్టం. ముక్కలుగా కోసి పెట్టిన వంజరం కొనకండి. కడల్ విరాల్ అనే వేరే చేప ముక్కలు కూడా వంజరం పేరుతో అమ్ముడుపోతుంటాయి. చేప మొత్తంగా చూసి, తూకం వేయించి, మీ కళ్ల ముందే కోయించుకోండి. హోటల్లో ముల్లు లేని ఫిష్ ఫ్రై తెప్పించుకుంటే అది ఏ చేపో అడగండి. చాలాసార్లు అది బాసా అనే పెంపకపు చేప.

2. ఏ బోటు, ఎన్ని రోజుల వేట?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. "ఈరోజే దిగింది" అన్న మాట నిజమే కావచ్చు. కానీ ఈరోజు దిగిన చేప ఈరోజు పట్టిన చేప కానక్కర్లేదు. కాసిమేడు హార్బరు నుంచి వెళ్లే పెద్ద లాంచీలు వారం, పది రోజులు సముద్రంలోనే ఉంటాయి. మొదటి రోజు వలలో పడ్డ చేప, ఆఖరి రోజు పడ్డ చేప ఒకే పూట ఒడ్డుకు చేరతాయి. ఐసు సరిగా వేసి ఉంటే మొదటిదీ తినదగ్గదే, కానీ రెండింటికీ ఒకే ధర పెట్టడం న్యాయం కాదు. పట్టినపాక్కం, నొచ్చికుప్పం వైపు ఫైబర్ బోట్లు చీకటితో వెళ్లి పొద్దున్నే తిరిగొస్తాయి. అవి పట్టేది తక్కువ, కానీ దాని వయసు గంటల్లో ఉంటుంది.

కాసిమేడు లాంచీల మీద శ్రీకాకుళం, నెల్లూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు చాలామంది పనిచేస్తారు. తెలుగులో పలకరిస్తే మాట తేలిగ్గా కలుస్తుంది. ఒకసారి రెండు గంపలు పెట్టుకుని కూర్చున్న ఒకావిడను అడిగాను. ఆవిడ ఒక చేప మొప్ప ఎత్తి చూపించింది, లోపల మందార రంగు. రెండో గంపలో చేపకు మొప్ప ఇటుక రంగుకు తిరిగింది. "ఇది తెల్లారగట్ల ఎక్కిన సేప బాబూ. అది లాంచీది, ఐసులో ఉన్నాది. ఏపుడుకి ఇది పట్టుకెళ్లు, పులుసుకి అది సాల్దా?" అంది. ఆ రోజు నుంచి ఆవిడ దగ్గరే కొంటున్నాను.

హార్బరులోనే కొంటే బోటు పక్కన రాసిన నంబరు చూడండి. అది ఐఎన్‌డి, టిఎన్ అక్షరాలతో మొదలైతే తమిళనాడు బోటు, టిఎన్ బదులు ఏపీ ఉంటే మన ఆంధ్ర బోటు. తర్వాత వచ్చే ఎంఎం అంటే మరబోటు, అంటే లాంచీ. ఎంఓ అంటే ఫైబర్ బోటులా మోటారు బిగించిన చిన్న బోటు.

3. క్యాలెండరు చూడండి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఒక మే నెలలో ఓ దుకాణం వాళ్లు "పొద్దున కాసిమేడు లాంచీది" అని నాకు వంజరం అమ్మారు. ఆ ఆదివారం హార్బరుకు వెళ్తే లాంచీలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసి ఉన్నాయి, రంగులు వేసుకుంటున్నాయి. నాకు అమ్మిన చేప ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలలో అటునుంచి లారీల్లో సరుకు వస్తుంది. అది తప్పేమీ కాదు, ఆ మాట చెప్పి అమ్మాలి అంతే. నిషేధ కాలంలో ఫైబర్ బోటు చేపలు గానీ, చెరువు చేపలు గానీ కొనండి.

4. చేత్తో పట్టి చూడండి

కన్ను ఉబ్బెత్తుగా, నిగనిగలాడుతూ ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. చేప కట్టెలా బిగుసుకుని, నీచు వాసనే లేకుండా, ఈగ కూడా వాలకపోతే, శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ కలిపారేమో అని అనుమానించాలి. 2018లో కేరళలో ఫార్మలిన్ కలిపిన చేపలు పెద్ద మొత్తంలో పట్టుబడ్డాయి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్ దీనికోసమే కాగితపు పట్టీలతో చిన్న పరీక్ష కిట్టు తయారుచేసింది. పట్టీని చేప మీద రుద్ది, ద్రావణం చుక్క వేస్తే రంగు మారడాన్ని బట్టి తెలిసిపోతుంది. అపార్ట్‌మెంటులో నలుగురు కలిసి ఒకటి తెప్పించుకోవచ్చు.

5. రొయ్యలకు వేరే ప్రశ్నలు

చెన్నైలో దొరికే వెనామీ రకం రొయ్య చెరువుల్లో పెంచిందే. దాని కథ కూడా ఈ ఊరితో ముడిపడిందే. విదేశాల నుంచి వచ్చే వెనామీ తల్లి రొయ్యలను 2009 నుంచి నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, రోగాలు లేవని తేలాకే రొయ్య పిల్లలు తీసే హేచరీలకు పంపుతున్నారు. తీరప్రాంత చెరువులను నమోదు చేసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఆఫీసు కూడా చెన్నైలోనే ఉంది. కాబట్టి దుకాణదారును కౌంటుతో (కిలోకు ఎన్ని రొయ్యలో) పాటు ఏ జిల్లా సరుకో, చెరువుకు నమోదు ఉందో లేదో అడగండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్ మందులు రొయ్యల సాగులో నిషిద్ధం. పరీక్ష కాగితం ఉందా అని అడగడం మన హక్కు. మొదట్లో వింతగా చూస్తారు, ఫర్వాలేదు.

6. ప్యాకెట్టు, యాప్

ప్యాకెట్టు కొన్నా, యాప్‌లో తెప్పించుకున్నా, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్ నంబరు చూడండి. ఆ నంబరు నిజమైనదో కాదో ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైటు ఫాస్కాస్‌లో వెతకొచ్చు. "తాజా" అని రాసి, సముద్రానిదో చెరువుదో రాయని ప్యాకెట్టు నేను కొనను.

7. కొన్నిటిని వదిలేయండి

కడుపు కింద గుడ్ల గుత్తి ఉన్న పీతను కొనకండి. మూరెడు లేని వంజరం ఇంకా పిల్లే, దాన్నీ వదిలేయండి. బాలింతలకు మంచిదని సొర వెతుకుతాం. కానీ సొరల్లో కొన్ని జాతులకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఏ సొరో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే వద్దనండి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ ఆలివ్ రిడ్లే తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. వలలో చిక్కుకుంటే అవి ఊపిరాడక చనిపోతాయి. తాబేళ్లు బయటపడే ఏర్పాటు వలల్లో లేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యలను కొనడం లేదు. జనవరి నుంచి మార్చి దాకా, అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే రోజుల్లో, లాంచీ రొయ్యల జోలికి నేను పోను.

8. రాసి పెట్టుకోండి

తేదీ, అమ్మినవాళ్లు, వాళ్లు చెప్పిన బోటు, చేప ఎలా ఉంది, ఈ నాలుగూ ఫోనులో రాసుకోండి. నెల తిరిగేసరికి ఎవరి మాట నిలబడుతోందో కనిపిస్తుంది. చేప పాడైందనో, మందు కలిసిందనో అనుమానం వస్తే కడిగేయకండి. ఫొటో తీసి, ముక్కను ఫ్రీజరులో ఉంచి, బిల్లుతో పాటు ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. బిల్లు లేకపోతే ఫిర్యాదు నిలవడం కష్టం, అందుకే డబ్బు ఇచ్చేటప్పుడే అడిగి తీసుకోండి.