పాత అట్లాసును ఎంచుకోవడం ఎలా? దాని వయసు పటాల్లో ఎలా చదవాలి?

పాత అట్లాసు చేతికి రాగానే చాలామంది ముఖపత్రం మీద సంవత్సరం వెతుకుతారు. పంతొమ్మిదో శతాబ్దపు అట్లాసులు ఎన్నింటిలోనో అది ఉండదు. ఉన్నా, లోపలి పటాలు అంతకంటే పాత ఫలకాలతో అచ్చువేసినవి కావచ్చు. వయసు సంగతి పటాలనే అడగాలి. సేకరణలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే.

1. ముందు లెక్కపెట్టండి. విషయసూచిక దగ్గర పెట్టుకుని ఒక్కో పటాన్నీ సరిచూడండి. కుట్టు దగ్గర సన్నని అంచు మిగిలి, సూచికలోని పటం కనబడకపోతే దాన్ని ఎవరో కోసేశారన్నమాట. విడి పటాలకు ఎక్కువ ధర పలుకుతుందని ఎన్నో అట్లాసులను ఇలా ముక్కలు చేశారు. అట్ట ఊడినా సరే, పటాలన్నీ ఉన్న అట్లాసునే తీసుకోండి. గ్రంథాలయ ముద్ర కనబడితే, తమ సేకరణ నుంచి తొలగించినట్టు వారు వేసిన గుర్తు కూడా ఉందేమో చూడండి. అది లేక, అమ్మేవారి దగ్గర సరైన జవాబూ లేకపోతే కొనకండి.

2. కాగితాన్ని చూడండి, తడమండి. రాగి ఫలకంతో అచ్చువేసిన పటం చుట్టూ వేలితో తడిమితే ఫలకం అంచు నొక్కుకున్న గీత తగులుతుంది. 1796లో పుట్టిన లిథోగ్రఫీ, అంటే చదునైన రాతిపలక మీద గీసి అచ్చువేసే పద్ధతి, అలాంటి గీతను మిగల్చదు. భూతద్దం కింద రంగులన్నీ వరుస చుక్కలుగా విడిపోతే అది ఫొటో తీసి అచ్చువేసిన నకలు. చేత్తో రంగులు వేసిన పటమైతే తిప్పి వెనకవైపు చూడండి. ఆ కాలపు ఆకుపచ్చను చాలాసార్లు రాగి చిలుముతో చేసేవారు. అది కాగితాన్ని మెల్లగా తినేస్తుంది. ముందు ఆకుపచ్చ సరిహద్దు ఉన్నచోటే వెనక గోధుమరంగు గీత తేలుతుంది. రంగు పాతదనడానికి అది మంచి ఆనవాలు. ఆ గీత వెంబడే కాగితం చిట్లుతుంది కాబట్టి పేజీ జాగ్రత్తగా తిప్పండి.

3. పేర్లతో తేదీ కట్టండి. సంవత్సరం లేని అట్లాసు ఒకటి తెరిచారనుకుందాం. రష్యా పటంలో ‘పెట్రోగ్రాడ్’ అని ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు ఆ పేరు 1914లో వచ్చింది. 1924 జనవరిలో అది లెనిన్‌గ్రాడ్ అయింది. పోలండ్ స్వతంత్ర దేశంగా కనిపిస్తోంది, అంటే 1918 తర్వాతే. ఐర్లండ్ మీద ‘ఐరిష్ ఫ్రీ స్టేట్’ అని ఉంది. అది ఏర్పడింది 1922 డిసెంబరులో. మూడు పటాలు చూసేసరికి 1923 దగ్గరకు వచ్చేశాం!

అయితే పాత పేరు పొరపాటున మిగిలిపోవచ్చు. రాబోయే పేరు మాత్రం ముందుగా అచ్చు కాదు. అందుకే అట్లాసులోని అన్నిటికంటే కొత్త విషయాన్నే గట్టిగా పట్టుకోండి. అలాస్కా 1867లో అమెరికాకు దక్కింది. నార్వే రాజధాని 1925లో ఓస్లో అయింది. పటం అంచున సున్నా రేఖాంశం ఎక్కడ మొదలైందో కూడా చూడండి. 1884 నాటి అంతర్జాతీయ సమావేశం గ్రీనిచ్‌ను ఎంచుకునే వరకు పారిస్ నుంచో, కెనరీ దీవుల్లోని ఫెర్రో నుంచో లెక్కించిన పటాలు ఎన్నో ఉన్నాయి.

4. తప్పులను ప్రేమగా చదవండి. పదిహేడో శతాబ్దపు పటాలు అనేకం కాలిఫోర్నియాను ద్వీపంగా గీశాయి. అది ద్వీపం కాదని స్పెయిన్ రాజు 1747లో ఆజ్ఞాపత్రమే జారీ చేయాల్సి వచ్చింది. నన్ను మరింత కదిలించేది ఆఫ్రికా. ఫ్రెంచి పటకర్త డాన్‌విల్ 1749లో ఆధారం లేని వివరాలన్నీ తీసేసి ఖండం లోపలి భాగాన్ని చాలామటుకు ఖాళీగా వదిలాడు. యాభై ఏళ్లకు, 1798లో, ఇంగ్లీషు పటకర్త జేమ్స్ రెన్నెల్ పశ్చిమాఫ్రికాలో ‘కాంగ్ పర్వతాలు’ గీశాడు. 1880ల చివర్లో ఫ్రెంచి అన్వేషకుడు బింజే అక్కడికి వెళ్లి పర్వతశ్రేణే లేదని చెప్పేదాకా అట్లాసులు దాన్ని ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకున్నాయి. మీ అట్లాసులో ఆ చోటు వెతకండి. కొండలున్నాయా, ఖాళీ ఉందా?

5. దాచడం. పెద్ద అట్లాసును నిలబెట్టకండి, బల్లపరుపుగా పడుకోబెట్టండి. ఎండా తేమా తగలనివ్వకండి. చిరుగులకు టేపు అంటించవద్దు. దాని జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది. తేదీ కట్టడానికి దొరికిన ఆధారాలను పేజీ సంఖ్యలతో సహా వేరే పుస్తకంలో రాసుకోండి, అట్లాసులో మాత్రం కాదు.