బహుళ లక్ష్య భిన్నాలు, 4వ పాఠం: ‘వ’ ఒక అంకె

పోయిన పాఠం లెక్కకు వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ఒకటే మాట: ఏ బిందువు పెట్టినా పరేటో నియమం సరిపోతోందని. పరేటో బిందువంటే, ఒక భిన్నాన్ని పెంచకుండా ఇంకోదాన్ని తగ్గించలేని చోటు. అలా సరిపోకూడదు. ఈ చిక్కు విడిపోయాకే ముందుకు వెళ్దాం.

1967లో డింకెల్‌బాక్ అనే పరిశోధకుడు ఒక్క భిన్నానికి చూపిన దారినే మనం రెండు భిన్నాలకు వాడుతున్నాం. పరీక్షించే బిందువు దగ్గర భిన్నం విలువ ‘వ’. భిన్నానికి బదులు లవం − వ × హారం తీసుకుంటాం. నియమం ఇది: ఇలా వచ్చిన రెండింటి అవకలజాలను రుణేతర గుణకాలతో గుణించి కూడితే సున్నా రావాలి; గుణకాలు రెండూ ఒకేసారి సున్నా కాకూడదు. హారం ధనాత్మకమేనని వేరే చెప్పక్కర్లేదు.

లెక్క పాతదే. య 0 నుంచి 4 దాకా. (య² + 3)/(య + 1), (4 − య)/(య + 1) రెండూ తగ్గాలి.

య = 2 దగ్గర మొదటి వ 7/3, రెండోది 2/3. అవకలనం చేస్తే మొదటిది 4 − 7/3 = 5/3, రెండోది −1 − 2/3 = −5/3. గుణకాలు 1/2, 1/2 పెడితే మొత్తం సున్నా. య = 2 పరేటో బిందువే.

చాలామంది ఏం చేశారంటే, వ స్థానంలో మళ్లీ (య² + 3)/(య + 1) రాసి, ఆ తర్వాత అవకలనం చేశారు. అప్పుడు మిగిలేది లవం − లవం. అంతటా సున్నాయే, దాని అవకలజమూ సున్నాయే. ఇక ఏ బిందువైనా పాసవుతుంది! య = 1/2 సరిగ్గా చేసి చూడండి: −7/6, −10/3. రెండూ రుణాత్మకాలు. రెండూ ఒకేసారి సున్నా కాని ఏ రుణేతర గుణకాలతోనూ మొత్తం సున్నా కాదు. అందుకే అవకలనానికి ముందే వ విలువ కట్టి, చుట్టూ గడి గీసేయమంటాను. అనుమానముంటే భిన్నాన్ని భాగహార సూత్రంతో అవకలించి హారంతో గుణించండి, ఇదే అంకె రావాలి.

ఇప్పుడు య = 1. మొదటిది 0, రెండోది −5/2, కాబట్టి రెండో గుణకం సున్నా కాక తప్పదు. అయినా ఇది పరేటో బిందువే, మొదటి భిన్నానికి కనిష్ఠం ఇక్కడే. కానీ య ఇక్కడినుంచి పైకి 0.1 జరిగితే రెండో భిన్నంలో లాభం మొదటిదాని నష్టానికి 25 రెట్లు, 0.01 జరిగితే 250 రెట్లు. దానికి హద్దు లేదు. ఇలాంటి బిందువులను వేరుచేయడానికే జెఫ్రియన్ అనే మరో పరిశోధకుడు 1968లో ‘ప్రాపర్’ అనే కట్టుదిట్టమైన నిర్వచనం ఇచ్చాడు. నేనైతే గుణకాలన్నీ ధనాత్మకమైతేనే తృప్తిపడతాను.

అభ్యాసం: రెండో హారాన్ని √(య + 1) చేయండి, య హద్దు 6కి పెంచండి. య = 5 దగ్గర రెండో వ రుణాత్మకం. పర్యాప్త నియమం (మొత్తం సున్నా అయితే చాలు, బిందువు పరేటోయే అనేది) అక్కడ ఎందుకు చెల్లదో చూపించి, ఆ బిందువు పరేటోయేనని వేరే దారిలో నిరూపించండి.